కంప్యూటర్ టెలిస్కోపుతో ఖగోళ వస్తువులను వెంబడించడం, భద్రపరచడం: విజయవాడ డాబా మీద నుంచి

మోటార్లు, హ్యాండ్ కంట్రోలరు ఉన్న టెలిస్కోపు తనంతట తాను ఆకాశాన్ని గుర్తుపట్టదు. మనం చెప్పిన ఊరు, తేదీ, సమయం, మనం చూపించిన రెండు మూడు నక్షత్రాలు, వీటిని బట్టే అది మిగిలిన ఆకాశమంతటినీ లెక్క కట్టుకుంటుంది. కాబట్టి ఈ రోజు కంట్రోలరు జ్ఞాపకంలో చోటు భద్రపరచిన వస్తువు వచ్చే నెలలో మళ్లీ ఐపీసులో (కన్ను పెట్టి చూసే కటకంలో) కనబడాలంటే, భద్రపరిచే మీట కన్నా దానికి ముందు చేసే అలైన్‌మెంటే, అంటే తెలిసిన నక్షత్రాలను చూపించి టెలిస్కోపును ఆకాశంతో సరిపోల్చడమే, ముఖ్యం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించడానికి కారణం అదే.

చీకటి పడకముందే ట్రైపాడ్‌ను డాబా మీద నిలిపి, తాపీమేస్త్రీలు వాడే రసమట్టంతో సమతలం చూసుకోవాలి. పగలంతా కాగిన శ్లాబు సాయంత్రం వేడిని వదులుతూ ఉంటుంది గనుక వేసవిలో బొమ్మ వణుకుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక చూడడం మేలు. కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్నవారు చలికాలంలో కటకం మీద మంచు పట్టకుండా ముందువైపు అట్టతోనైనా ఒక గొట్టం తొడగాలి. పగటి పూట సరైన ఫిల్టరు లేకుండా టెలిస్కోపును సూర్యుని వైపు ఎన్నడూ తిప్పకూడదు.

తరువాత చోటు చెప్పాలి. విజయవాడ 16°30′ ఉత్తర అక్షాంశం, 80°39′ తూర్పు రేఖాంశం మీద ఉంది. గుంటూరుకు 16°18′, 80°27′ అని ఇవ్వాలి. సమయ మండలం +5:30, డేలైట్ సేవింగ్ లేదు. తేదీ దగ్గర మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అమెరికా పద్ధతిలో తయారైన కంట్రోలర్లు ముందు నెలను, తరువాత రోజును అడుగుతాయి. మార్చి 5వ తేదీన నేను అలవాటు చొప్పున 05/03 అని కొట్టాను. యంత్రం దానిని మే 3గా తీసుకుంది. నక్షత్రాలు రోజుకు దాదాపు 4 నిమిషాల చొప్పున ముందుగా ఉదయిస్తాయి గనుక, ఆ రెండు నెలల తేడా ఆకాశంలో సుమారు 4 గంటల తేడా అయింది. ఆ రాత్రంతా అలైన్‌మెంట్ కుదరలేదు. టెలిస్కోపు చెడిపోయిందని అనుకునే ముందు తేదీని మరొకసారి చూసుకోండి.

అలైన్‌మెంటుకు నక్షత్రాలను ఎంచుకోవడంలో మన ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. రోహిణి నక్షత్రం డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం వంటి కొలత) సుమారు +16½ డిగ్రీలు, అంటే విజయవాడ అక్షాంశానికి దాదాపు సమానం. అందువల్ల సంక్రాంతి రోజుల్లో రాత్రి 9 గంటల ప్రాంతంలో రోహిణి సరిగ్గా మన నడినెత్తి మీదుగా సాగుతుంది. కంటికి ఎంత అందంగా ఉన్నా, పైకీ పక్కకూ తిరిగే ఆల్ట్-అజిమత్ స్టాండుకు అది తగిన గుర్తు కాదు, ఎందుకంటే నడినెత్తిన దిక్కు అనేది స్థిరంగా ఉండదు, కొద్దిపాటి పొరపాటు కూడా పెద్ద కోణంగా మారుతుంది. ఆ వేళకు ఆగ్నేయంలో ఉండే మృగవ్యాధుణ్ణి, ఉత్తరాన ఉండే బ్రహ్మహృదయాన్ని ఎంచుకోవడం మంచిది. రెండూ ఒకదానికొకటి దూరంగా, తగినంత ఎత్తులో ఉంటాయి. కంట్రోలరు జాబితాలో ఇవి సిరియస్, కాపెల్లా అనే పేర్లతో ఉంటాయి. రోహిణి ఆల్డెబరాన్, స్వాతి ఆర్క్‌ట్యూరస్, చిత్త స్పైకా, జ్యేష్ఠ ఆంటారెస్ అని గుర్తుంచుకుంటే మన పంచాంగపు నక్షత్రాలే ఏడాది పొడవునా పనికొస్తాయి.

నక్షత్రాన్ని ముందు 25 మిల్లీమీటర్ల ఐపీసులో పట్టుకుని, తరువాత మరింత పెద్దదిగా చూపే 10 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టి నట్టనడుమకు తేవాలి. గేర్లలో కొంత వదులు తప్పదు కాబట్టి చివరి కదలిక ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి. సెలెస్ట్రాన్ నెక్స్‌స్టార్ రకాలలో పై మీట, కుడి మీట మాత్రమే వాడి ముగించాలి. ఒకవేళ నడిమి స్థానం దాటిపోతే వెనక్కి తెచ్చి మళ్లీ అదే వైపు నుంచి రండి.

అలైన్‌మెంట్ పూర్తయ్యాక ట్రాకింగ్, అంటే వస్తువును వెంబడించడం, దానంతట అదే మొదలవుతుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతున్నట్టు కనిపిస్తుంది గనుక మోటార్లు ఆగితే వస్తువు కొద్ది నిమిషాల్లోనే ఐపీసు దాటిపోతుంది. నక్షత్రాలకు, గ్రహాలకు సైడీరియల్ వేగం (నక్షత్రాలు జరిగే వేగం) సరిపోతుంది. చంద్రుడు మాత్రం నక్షత్రాల నడుమ గంటకు దాదాపు తన వెడల్పంత తూర్పుకు జరుగుతాడు కాబట్టి అతనికి లూనార్ వేగాన్ని ఎంచుకోవాలి. బ్యాటరీ నీరసిస్తే ట్రాకింగ్ తడబడుతుంది. 12 వోల్టుల పెద్ద బ్యాటరీ పెట్టుకోవడం ఉత్తమం.

ఇక భద్రపరచడం. వస్తువును నడుమకు తెచ్చి, యూజర్ ఆబ్జెక్ట్స్ జాబితాలో సేవ్ స్కై ఆబ్జెక్ట్ ఎంచుకుంటే దాని రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం వంటి కొలత, గంటలు, నిమిషాల్లో చెబుతారు), డెక్లినేషన్ ఒక అంకె కింద నిలిచిపోతాయి. అంకె మాత్రమే ఉంటుంది గనుక పక్కన ఒక నోటు పుస్తకంలో ఆ అంకె దేనిదో, ఏ తేదీన భద్రపరిచామో రాసుకోవాలి. చంద్రుణ్ణి, గ్రహాలను, తోకచుక్కలను ఇలా భద్రపరచి ప్రయోజనం లేదు. అవి కదిలిపోతాయి, మిగిలేది ఖాళీ చోటు. సేవ్ ల్యాండ్ ఆబ్జెక్ట్ వేరు: ఇంద్రకీలాద్రి మీది ఒక దీపం వంటి నేల గుర్తును ఎత్తు, దిక్కుల లెక్కన దాచుకుంటుంది, ట్రైపాడ్ కదలనంత వరకే అది చెల్లుతుంది.

రైట్ అసెన్షన్, డెక్లినేషన్‌లను చేత్తో ఎక్కించేటప్పుడు అవి ఏ సంవత్సరపు లెక్కవో చూడండి. భూమి అక్షం మెల్లగా తిరుగుతున్నందున స్థానాలు ఏటా 50 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతును ఆర్క్ సెకను అంటారు) వరకు జరుగుతాయి. 2000 నాటి లెక్కకు, 2025 నాటి లెక్కకు వచ్చే తేడా చంద్రబింబపు వెడల్పులో మూడింట రెండు వంతులు. మీ కంట్రోలరు ఏ లెక్క అడుగుతుందో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

మొదటగా భద్రపరచడానికి సింహరాశిలోని ఆర్ లియోనిస్‌ను సూచిస్తాను. మఖ నక్షత్రానికి పడమరగా 5 డిగ్రీల దూరంలో ఉంటుంది. 2000 నాటి లెక్కలో రైట్ అసెన్షన్ 9 గంటల 47.6 నిమిషాలు, డెక్లినేషన్ +11°26′. సుమారు 310 రోజులకొకసారి వెలిగి, మళ్లీ మసకబారే నక్షత్రం ఇది. ఉగాది రోజుల్లో రాత్రి 9 గంటలకు బాగా ఎత్తున ఉంటుంది. మసకబారిన నెలల్లో పక్క నక్షత్రాల మధ్య దానిని పోల్చుకోవడం కష్టం కాబట్టి, వెలుగుతున్నప్పుడే నడుమకు తెచ్చి భద్రపరచండి. మరుసటి రాత్రి కొత్తగా అలైన్‌మెంట్ చేసి అదే అంకెను పిలిచి చూడండి. నడుమకు దూరంగా పడితే తప్పు రెండు రాత్రుల్లో ఏదో ఒక అలైన్‌మెంటులో ఉంది, కనుక మూడో రాత్రి కూడా చూశాకే ఆ అంకె కింద పాత స్థానం బదులు కొత్తది భద్రపరచండి.