ప్రకటనలు రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: అంకె పెడితే సరిపోదు

పోయిన పాఠంలో తప్పు నాదే. "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా లాంటివి కొట్టేసి వాటి చోట అంకెలు పెట్టండి" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్లిపోయాను. మీరు అక్షరాలా అదే చేశారు. మారుపేర్లు పోయి "100% స్వచ్ఛం", "జిల్లాలో నం.1", "10,000 మంది కస్టమర్లు" వచ్చి కూర్చున్నాయి. పది వేల మందిని ఎవరు లెక్కపెట్టారని ఒకరిని అడిగితే, "అందరూ అలాగే వేస్తారు కదండీ" అన్నారు. ఈ వారం రేడియో ప్రకటన మొదలుపెడదామనుకున్నా. ఇక అది వచ్చే పాఠంలోనే.

1958లో డేవిడ్ ఓగిల్వీ అనే ప్రకటనల రచయిత రోల్స్ రాయిస్ కారుకు ఒక హెడ్డింగు రాశాడు. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినిపించే పెద్ద చప్పుడు గడియారానిదే అని దాని సారాంశం. 60 అనే అంకె ఉంది కాబట్టి గొప్పది అనుకోకండి. అరవై మైళ్లు వేరే కార్లూ పోతాయి. కారుని అమ్మిపెట్టింది ఆ గడియారం. చదవగానే తలుపు వేసుకుని లోపల కూర్చున్నట్టుంటుంది. పైగా అది ఆయన ఊహించి రాసింది కాదు. కారు గురించి మూడు వారాల పాటు చదివితే దొరికింది.

ఇప్పుడు నాకు ఒళ్లుమండే "100%" సంగతి. నెయ్యి, తేనె, నువ్వుల నూనె, పట్టుచీర, చివరికి ట్యూషన్ సెంటర్ దాకా అందరిదీ వంద శాతమే. 96 శాతం స్వచ్ఛమైన నెయ్యి అని బోర్డు పెట్టినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? ఎవరూ 96 అనని చోట 100కి విలువ లేదు. అది అంకె వేషం వేసుకున్న "మారుపేరు". తాటికాయంత అక్షరాలతో వేసినా కన్ను దాని మీద నుంచి జారిపోతుంది. అనుమానంగా ఉంటే పక్క కొట్టు పేరు పెట్టి చదవండి. "100% స్వచ్ఛమైన నెయ్యి" పక్క కొట్టుకీ సరిపోతుంది, ఎదుటి కొట్టుకీ సరిపోతుంది. కల్తీ చేసేవాడికైతే ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే వాడే ముందు వేస్తాడు. అదే "వెన్న కాచేది కొట్టు ముందే, ఉదయం 7కి, వచ్చి చూడండి" అని రాస్తే? కల్తీ చేసేవాడు ఆ మాట వాడలేడు. మీకు కావలసింది అలాంటి, పక్కవాడు ఎత్తుకుపోలేని మాట.

ఒక టైలరుకి: "బ్లౌజు ఇచ్చిన రోజే తేదీ రాసిస్తాం. ఆ రోజు అందకపోతే కుట్టుకూలి వద్దు." పెళ్లికి రెండు రోజుల ముందు టైలరు చుట్టూ తిరిగిన ఆడవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇడ్లీ పిండి అమ్మే ఆవిడకి: "రాత్రి 10 దాకా పిండి ఉంటుంది." ఫోన్ రిపేరుకి అంకే వద్దు: "స్క్రీన్ మీ కళ్లముందే మారుస్తాం." కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారైతే మాటలతో పని లేకుండానే చేశారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారు. నుదుటికి రాసుకున్నాక ఇంక హెడ్డింగు ఎందుకు?

నిజమైన అంకె కూడా రద్దీలో అబద్ధమైపోవచ్చు. ఒకప్పుడు ఒక ఫొటో స్టూడియోకి "10 నిమిషాల్లో పాస్‌పోర్ట్ ఫొటోలు" అని నేనే రాశాను. మామూలు రోజుల్లో నిజమే. జూన్‌లో బడులు తెరిచారు. నా కరపత్రం చేత్తో పట్టుకుని మరీ జనం ఓనర్‌తో గొడవపడ్డారు. అప్పటినుంచి ఏ అంకె ఇచ్చినా "జూన్‌లో కూడానా?" అని అడుగుతాను.

చిరుధాన్యాల ప్రకటనకి "30 రోజుల్లో షుగర్ మాయం" అని రాసినవారికి విడిగా ఒక మాట. అది బలహీనమైన ప్రకటన మాత్రమే కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారు మీద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మీ క్లయింటుకి ఈ సంగతి మీరే ముందు చెప్పండి.

అడ్రసు, ఫోన్ నంబరు ఎక్కడ పెట్టాలో మీకు తెలుసు, వదిలేస్తున్నా. నేనైతే మొదటి ప్రతి పాత కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో రాస్తాను. జాగా తక్కువ కాబట్టి చెత్త రాయబుద్ధి కాదు.

అభ్యాసం: మీ వీధిలో ఒక కొట్టు ఎంచుకుని, ఓనర్‌ని అడిగి, సాయంత్రం రెండు గంటలు అక్కడే నిలబడండి. వచ్చిన 20 మంది మొదట ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎక్కువమంది అడిగినదానికి జవాబుగా ఏడు మాటలు మించని ఒక్క లైను రాయండి. దాన్ని ఓనర్‌కి వినిపించి "పండగ రోజు కూడా ఇది నిజమేనా?" అని అడగండి. ఆయన తల గోక్కుంటే కొట్టేసి మళ్లీ రాయండి. నాకు లైనుతో పాటు ఆ 20 ప్రశ్నలూ పంపాలి. రంగురంగుల డిజైన్లు పంపితే తెరవను.