లినక్స్ ల్యాప్‌టాప్‌లో డయలప్ మోడెమ్ పలకకపోతే

లక్షణం: అసలు మోడెమే కనిపించడం లేదు

ఫోను తీగ మీద ఇంటర్నెట్ కలిపే డబ్ల్యూవీడయల్ ప్రోగ్రామ్‌కు మోడెమ్‌ను వెతికిపెట్టే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ నడిపితే మొదటి సీరియల్ పోర్టు టీటీవై-ఎస్-0 మొదలుకొని ఒక్కో పోర్టూ తట్టి చూసి, మోడెమ్ దొరకలేదని చేతులెత్తేస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో, అదే తీగతో విండోస్‌లో మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది. ఇక్కడే చాలామంది డబ్ల్యూవీడయల్ సెట్టింగులు తిరగరాస్తూ ఒక రాత్రంతా పోగొట్టుకుంటారు. అది నేల విడిచి సాము చేయడమే.

కారణం ఏమిటంటే, ల్యాప్‌టాప్ లోపల ఉన్నది సగం మోడెమ్. ఫోను తీగను అందుకునే భాగం, శబ్దాన్ని అంకెలుగానూ అంకెలను శబ్దంగానూ మార్చే చిప్ మాత్రమే అందులో ఉంటాయి. మిగిలిన లెక్కలన్నీ ప్రాసెసర్ మీద నడిచే డ్రైవర్ చేస్తుంది. అందుకే వీటిని సాఫ్ట్‌మోడెమ్ అనీ, విండోస్ డ్రైవర్‌తోనే అమ్మేవారు కాబట్టి విన్‌మోడెమ్ అనీ అంటారు. డ్రైవర్ లేనంతకాలం సీరియల్ పోర్టే పుట్టదు. లేని పోర్టుకు ఎన్ని సెట్టింగులు రాసినా ఒకటే.

కాబట్టి ముందు చిప్ పేరు పట్టుకోవాలి. కంప్యూటర్‌లోని పీసీఐ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం ఇచ్చే జాబితాలో మోడెమ్ అన్న వరస ఉందేమో చూడండి. లేకపోయినా కంగారు పడనక్కరలేదు. హెచ్‌డీ ఆడియో ఉన్న ల్యాప్‌టాప్‌లలో మోడెమ్ సౌండ్ కంట్రోలర్ వెనుక దాక్కుని ఉంటుంది, ఎల్‌ఎస్‌పీసీఐకి ఆడియో మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు ప్రాక్ డైరెక్టరీలోని ఏసౌండ్ కింద, సౌండ్ కార్డు ఫోల్డర్‌లో ఉన్న కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్) ఫైళ్లు తెరిస్తే అసలు పేరు బయటపడుతుంది.

పేరును బట్టి వైద్యం మారుతుంది. ఏసీ97 అనే పాత సౌండ్ పద్ధతి రకం మోడెమ్‌లకూ, హెచ్‌డీ ఆడియో మీద ఉండే ఎస్‌ఐ3054 కోడెక్‌కూ లినక్స్ సౌండ్ వ్యవస్థ అయిన అల్సా డ్రైవర్‌తో పాటు ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రామ్ కావాలి. అది నడుస్తున్నంతసేపే టీటీవై-ఎస్‌ఎల్-0 అనే పోర్టు ఉంటుంది. దాని ముఖ్యభాగం 32 బిట్ల మూసిన (మూలం బయటపెట్టని) కోడ్, 64 బిట్ల సిస్టమ్‌లో 32 బిట్ల లైబ్రరీలు విడిగా పెట్టుకోవాలి. కోనెక్సంట్ హెచ్‌ఎస్‌ఎఫ్ చిప్ అయితే లినక్సంట్ సంస్థ డ్రైవర్ ఉంది. లైసెన్సు కొనకపోతే సెకనుకు 14.4 కిలోబిట్ల దగ్గరే ఆగిపోతుంది. పాత లూసెంట్ పీసీఐ చిప్‌లలో మార్స్ రకానికి మార్షియన్ అనే డ్రైవర్ ఉంది.

ఈ డ్రైవర్లన్నీ పాత కెర్నళ్ల (లినక్స్ మూలభాగం) కాలం నాటివి. కొత్త కెర్నల్ మీద కంపైల్ కాకుండా రెండుసార్లు మొండికేస్తే, నా మాట విని లోపలి మోడెమ్‌ను వదిలేయండి. సొంత కంట్రోలర్ ఉన్న బయటి సీరియల్ మోడెమ్‌కు డ్రైవర్ అక్కర్లేదు. యూఎస్‌బీ రకమైతే సీడీసీ ఏసీఎం ప్రమాణం పాటించేదే తీసుకోండి, తగిలించగానే టీటీవై-ఏసీఎం-0గా వస్తుంది. యూఎస్‌బీలోనూ సగం మోడెమ్‌లు ఉన్నాయి, జాగ్రత్త.

పోర్టు వచ్చాక, దానితో నేరుగా మాట్లాడనిచ్చే మినీకామ్‌లో తెరిచి ఏటీ అని కొట్టండి. ఓకే అని బదులొస్తే ఈ మెట్టు దాటినట్టే.

లక్షణం: పోర్టు ఉంది, తెరవనివ్వడం లేదు

అనుమతి లేదంటే డెబియన్, ఉబుంటులలో డయలవుట్ గ్రూపులో, ఆర్చ్‌లో యూయూసీపీ గ్రూపులో మీ పేరు చేర్చి, ఒకసారి లాగవుట్ అయి రండి. పోర్టు ఖాళీగా లేదంటే మోడెమ్‌మేనేజర్ దాన్ని పట్టుకుని ఉండవచ్చు, ఆ సర్వీసు ఆపండి.

లక్షణం: డయల్‌టోన్ లేదంటోంది

మామూలు ఫోను తగిలించి చెవి పెట్టి వినండి. టోన్ వినిపించకపోతే తప్పు తీగది. టోన్ ఉన్నా అది ఆగి ఆగి వస్తుంటే, లేదా మోడెమ్ ఎదురుచూసే దేశపు టోన్‌కు భిన్నంగా ఉంటే, మోడెమ్ దాన్ని గుర్తించదు. డయల్ చేసే ముందు మోడెమ్‌కు పంపే ఇనిట్ వరసలో ఏటీఎక్స్3 చేరిస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ వాడేవారు దేశం పేరు కూడా సరిగ్గా ఇవ్వాలి. కార్యాలయాల్లోని డిజిటల్ ఫోను తీగకు మాత్రం మోడెమ్ తగిలించకండి, కాలిపోయే ప్రమాదం ఉంది.

లక్షణం: కలుస్తుంది, వెంటనే తెగిపోతుంది

కలిసిన లైను మీద పీపీపీ అనే ఇంటర్నెట్ లంకెను నడిపే పీపీపీడీ ప్రోగ్రామ్ ఆగిపోతూ ఇచ్చే అంకె చూడండి. 19 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో అవతలివారు ఒప్పుకోలేదు. 16 అంటే మోడెమ్ లైను వదిలేసింది. 10 అంటే పీపీపీ మాటలు కుదరలేదు. అవతలి సర్వర్ లాగిన్ అడగకుండా నేరుగా పీపీపీ మొదలుపెట్టేది అయితే డబ్ల్యూవీడయల్‌లో స్టుపిడ్ మోడ్‌కు యెస్ అని రాయండి. పేరు చూసి నవ్వుకోకండి, చాలాచోట్ల అదే గట్టెక్కిస్తుంది.

అవతలి సిస్టమ్ తానెవరో నిరూపించుకోవాలని పీపీపీడీయే పట్టుబట్టడం ఇంకో చిక్కు. ఈథర్నెట్ ద్వారా అప్పటికే డిఫాల్ట్ రూట్ (బయటికి వెళ్లే సమాచారానికి మామూలు దారి) ఉంటే అది అలా అడుగుతుంది. నిన్న పనిచేసింది ఈరోజు కేబుల్ పెట్టగానే చెడిందంటే కారణం ఇదే కావచ్చు. పీపీపీ ఆప్షన్లలో నోఆథ్ చేర్చండి.

లక్షణం: కలిసింది, పేజీలు తెరుచుకోవు

ఏదైనా ఐపీ అంకెకు పింగ్ కొట్టండి. బదులొస్తే డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను ఐపీ అంకెలుగా మార్చే సేవ) లోపం, యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్ ఆప్షన్ పెట్టండి. రాకపోతే పాత డిఫాల్ట్ రూట్ అడ్డంగా ఉందేమో చూసి తీసేయండి. డిఫాల్ట్‌రూట్ ఆప్షన్ ఇచ్చినా పీపీపీడీ మామూలుగా ఉన్న రూట్‌ను తొలగించదు.

వేగం తక్కువనిపిస్తే డబ్ల్యూవీడయల్‌లోని బాడ్ 115200 చూసి మోసపోకండి, అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం. తీగ మీద వీ.90 పద్ధతిలో దిగుమతికి 56 కిలోబిట్లు పైహద్దు, పంపడానికి 33.6. లైను శబ్దం ఎక్కువైతే మోడెమ్ తనంతట తానే ఇంకా తగ్గిస్తుంది.