అందరూ ‘రూడ్’ కాదు: ఎదుటివాళ్ల తీరును ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఎవరైనా మనతో ఎలా ఉన్నారో ఇంగ్లీషులో చెప్పమంటే చాలామందిమి ‘గుడ్’, ‘రూడ్’ అనే రెండు మాటలతో సరిపెట్టేస్తాం. అదే తెలుగులో అయితే కసురుకున్నాడంటాం, ఎత్తిపొడిచాడంటాం, చులకన చేశాడంటాం. ఆ తేడాలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి.

మొదట, అతను ఎలాంటివాడన్నది పక్కనపెట్టి ఏం చేశాడో తెలుగులో అనుకోండి. కసురుకుంటే ‘స్నాప్డ్ ఎట్ మి’. ఎత్తిపొడిస్తే ‘టాంటెడ్ మి’. చిన్నచూపు చూస్తే ‘లుక్డ్ డౌన్ ఆన్ మి’. వెనకేసుకొస్తే ‘స్టుడ్ అప్ ఫర్ మి’.

తర్వాత, తెలుగులో ఒక్క మాటలో ఒదగనివి పట్టుకోండి. పదేళ్ల అనుభవం ఉన్న మీతో మీటింగ్‌లో ఒకాయన నవ్వుతూ, ‘ఇవన్నీ నీకెందుకమ్మా, నేను చూసుకుంటాగా’ అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అయినా ఒళ్లు మండుతుంది. దాన్ని ‘ప్యాట్రనైజింగ్’ అంటారు. ‘కాండిసెండింగ్’ అన్నా దాదాపు అదే. (షాపువాళ్లు ‘మమ్మల్ని ప్యాట్రనైజ్ చేయండి’ అని ఇంగ్లీషులో రాస్తే కంగారుపడకండి. మా దగ్గరే కొనండి అని దాని అర్థం.)

మంచివైపు నాకు బాగా నచ్చిన మాట ‘కన్సిడరేట్’. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన రూమ్మేట్, మీరు నిద్రపోతున్నారని లైటు వేయకుండా ఫోన్ వెలుతురులో దుప్పటి వెతుక్కున్నాడు చూడండి, అదీ! పొరపాటున ‘కన్సిడరబుల్’ అంటే మాత్రం ‘గణనీయమైన’ అని అర్థం మారిపోతుంది.

ఇక వాక్యం. ‘హి బిహేవ్డ్ మి బ్యాడ్లీ’ తప్పు. ‘హి ట్రీటెడ్ మి బ్యాడ్లీ’ అనాలి. పనిమనిషిలా చూశాడంటే ‘ట్రీటెడ్ మి లైక్ ఎ సర్వెంట్’. మనం ‘నాతో’ అంటాం కాబట్టి ‘రూడ్ విత్ మి’ అని నోట్లోకి వచ్చేస్తుంది గానీ ‘రూడ్ టు మి’ అనడమే మామూలు. కైండ్, పొలైట్ మాటలకీ అంతే.

చివరిగా ఒక జాగ్రత్త. మన పేపర్లలో ‘మిస్‌బిహేవ్డ్ విత్ హర్’ అంటే అసభ్యంగా ప్రవర్తించాడని అందరికీ తెలుస్తుంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ‘మిస్‌బిహేవ్’ అంటే ముందుగా గుర్తొచ్చేది పిల్లల అల్లరి. అక్కడ ఆఫీసులో ఫిర్యాదు రాయాల్సి వస్తే ‘హరాస్డ్ మి’ అని రాసి, అతను ఏమన్నాడో, ఏం చేశాడో ఉన్నదున్నట్టు పెట్టండి.