షాపులో చెక్కు తీసుకోవాల్సి వస్తే

కిరాణా కొట్లో ఇప్పుడు చెక్కు ఇచ్చేవాళ్లు దాదాపు లేరు, ఆ పని క్యూఆర్ కోడ్ చూసుకుంటోంది. ఫర్నిచర్, నగలు, హోల్‌సేల్ ఎరువుల దగ్గర మాత్రం ఇంకా కనిపిస్తుంది. కారణం: ఒక బిల్లుకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు, యూపీఐకి రోజువారీ పరిమితి ఉంటుంది.

ముందు తేదీ చూడండి. ఆ తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. రాబోయే తేదీ వేసినదైతే ఆ రోజు దాకా బ్యాంకులో వేయలేరు. పేరు మీ ఖాతాలో ఉన్నట్టే ఉండాలి, బోర్డు మీద ఉన్నట్టు కాదు. ఎక్కువగా తప్పేది ఇక్కడే. అంకెలు, అక్షరాలు సరిపోలాలి. పేరులోనో మొత్తంలోనో దిద్దుబాటు ఉంటే, పక్కన సంతకం పెట్టినా వద్దు, కొత్తది రాయించండి: బ్యాంకుల మధ్య క్లియరింగ్‌కు (డబ్బు బదిలీకి) వెళ్లేది చెక్కు స్కాన్ బొమ్మే. ఎడమ మూలన రెండు గీతలు గీసి 'అకౌంట్ పేయీ' (డబ్బు ఆ పేరున్న ఖాతాలోకే) అని రాయించండి.

50,000 దాటితే పాజిటివ్ పే వివరాలు, అంటే చెక్కు తేదీ, పేరు, మొత్తం లాంటివి, ముందుగానే తమ బ్యాంకుకు ఇచ్చారా అని చెక్కు ఇచ్చినవారిని అడగండి. 5 లక్షలు, ఆపైన అయితే చాలా బ్యాంకుల్లో అది తప్పనిసరి, లేకుంటే తిరిగొస్తుంది.

సరుకు మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకే పంపండి. మొహమాటం ఖరీదైనది.

నిధుల్లేక బౌన్స్ అయితే రిటర్న్ మెమో (కారణం రాసి బ్యాంకు ఇచ్చే చీటీ) జాగ్రత్తగా దాచండి. బౌన్స్ సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో చెక్కు ఇచ్చినవారికి రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, ఆపై నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద కోర్టులో ఫిర్యాదు వేయాలి.