ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో నాటక వర్క్‌షాప్ నడపడం ఎలా?

బయట ఒక మాట తప్పుగా నోరు జారితే అంతే సంగతులు. రిహార్సల్‌లో అయితే "మళ్లీ మొదట్నుంచి" అంటే సరిపోతుంది. ఎదుటి మనిషి ఏమంటాడో ముందే తెలుసు, ఎవరి మాట తర్వాత ఎవరి మాటో కాగితం మీద ఉంటుంది, అదే సంభాషణని పదిసార్లు చేసినా ఎవరూ విసుక్కోరు. ఆటిజం ఉన్నవాళ్లకి నాటకం పనికొచ్చేది ముఖ్యంగా ఇందుకే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన బ్లైత్ కార్బెట్ 'సెన్స్ థియేటర్' పేరుతో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. ఆటిజం ఉన్న పిల్లల పక్కన, శిక్షణ తీసుకున్న తోటి వయసు నటులు ఉంటారు. పది సెషన్ల తర్వాత ముఖాలు గుర్తుపెట్టుకోవడంలో మెరుగుదల కనిపించిందని వాళ్ల అధ్యయనం 2016లో వచ్చింది. బ్రిటిష్ నటి కెల్లీ హంటర్ షేక్‌స్పియర్ నాటకాలతో, గుండె చప్పుడు లయ మీద ఆటలు తయారుచేశారు. కాకపోతే ఇలాంటివి ఎక్కువగా పిల్లల కోసం చేసినవి. ముప్పై ఏళ్ల మనిషి దగ్గరికి వెళ్లి అవే పిల్లల ఆటలు ఆడిస్తే, రెండో వారం రాడు. రాకపోవడమే న్యాయం కూడా.

ముందు మీకు మీరే ఒకటి తేల్చుకోండి

వీళ్లకి 'మామూలుగా కనిపించడం' నేర్పాలని మొదలుపెడుతుంటే దయచేసి ఆగండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ నటన ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. దాన్నే మాస్కింగ్ అంటారు, దానితో వాళ్లు ఎంతగా అలిసిపోతారో పక్కవాళ్లకి తెలియదు. పైగా లోపం ఒక్క వైపే ఉందనుకోవడం కూడా తప్పే. తనకీ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో చెప్పింది ఇదే: వాళ్లకి మనం అర్థం కానట్టే మనకి వాళ్లూ అర్థం కారు, ఇబ్బంది రెండు వైపులా ఉంది. అందుకే గ్రూపులో ఆటిజం లేనివాళ్లు కూడా ఉండాలి, సాయం చేసేవాళ్లుగా కాదు, నేర్చుకునేవాళ్లుగా. నడిపేవాళ్లలో కనీసం ఒకరికి ఆటిజం ఉండాలి, మీకు డబ్బు ఇస్తుంటే వాళ్లకీ అంతే ఇవ్వాలి.

గది, టైము

ఎనిమిది నుంచి పది మంది, వారానికి ఒకసారి, గంటన్నర, పది వారాలు. ప్రతిసారీ అదే గది, అదే టైము (చివరి మూడు వారాల్లో గది మార్చే సంగతి తర్వాత చెప్తాను). ఒకరోజు ముందే వెళ్లి ఆ గదిలో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ట్యూబ్‌లైట్ గుయ్‌మంటోందా, ఫ్యాన్ కిర్రుమంటోందా, పక్క గదిలోంచి శబ్దాలొస్తున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. గది ఫొటోలు, ఆ రోజు ఏం చేస్తారన్న జాబితా రెండు రోజుల ముందు అందరికీ పంపండి. అదే జాబితా గోడకి అంటించి, అయిపోయినవి ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళ్లండి. మధ్యలో బయటికి వెళ్లడానికి ఎవరూ అనుమతి అడగక్కర్లేదు, తిరిగొస్తే "ఏమైంది?" అని అడగనూ కూడదు. చప్పట్లు చెవులకి కష్టంగా ఉండేవాళ్లుంటే చేతులు పైకెత్తి ఊపండి. చేతులు ఆడించడం, ముందుకీ వెనక్కీ ఊగడం లాంటివి ఆపమనకండి, ఆ కదలికలు వాళ్లని స్థిమితంగా ఉంచుతాయి.

మొదటి మూడు వారాలు: చిన్న ఆటలు

"మీ పేరు, మీ గురించి ఒక సరదా విషయం చెప్పండి" అనే పరిచయాల ఆట వద్దు, అది టెన్షన్ పెట్టడం తప్ప ఇంకేం కాదు. ఒకరినొకరు తాకాల్సిన ఆటలు, కళ్లు మూసుకుని వెనక్కి పడే ఆటలు కూడా వద్దు. అద్దం ఆట బాగుంటుంది: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు నెమ్మదిగా చెయ్యి కదిపితే రెండోవాళ్లు అద్దంలో బొమ్మలా అలాగే కదపాలి. సాధారణంగా ఇందులో కళ్లలోకి చూడమంటారు. మీరు చేతుల్ని చూడమనండి, ఆట ఏమీ చెడదు.

నేను మొదటిసారి నడిపినప్పుడు పెద్ద పొరపాటే చేశాను. "మీ ఇష్టం, మనసుకి ఏది తోస్తే అది చేయండి" అన్నాను, స్వేచ్ఛ ఇస్తున్నాననుకుని. ఒకాయన లేచి తలుపు దగ్గరికెళ్లి సెషన్ అయిపోయేదాకా అక్కడే నిలబడ్డారు, నచ్చలేదేమో అనుకున్నాను. రాత్రి మెసేజ్ పెట్టారు: "ఏదైనా చేయండి అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు." తర్వాతి వారం చీటీలు రాసుకెళ్లాను: నువ్వు ఎవరు, ఎక్కడున్నావు, నీకేం కావాలి, ఏ మాటతో సన్నివేశం ఆగుతుంది. ఆయన ఆ రోజు ఏడు నిమిషాలు ఆగకుండా చేశారు. నిజానికి ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్న మూడు ప్రశ్నలూ, ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్న నాటక ఆటలకి ఆద్యురాలైన వయోలా స్పోలిన్ ఎప్పుడో చెప్పినవే, నేనే పట్టించుకోలేదు.

ఆ తర్వాత: వాళ్ల జీవితంలోంచే సన్నివేశం

అసలు పని ఇక్కడే ఉంది. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో రూపొందించిన ఫోరమ్ థియేటర్ దీనికి బాగా సరిపోతుంది. ఎక్కడో బెడిసికొట్టిన సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు ఒకసారి ఆడతారు. రెండోసారి ఆడుతున్నప్పుడు చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని లేచి, ఇబ్బందిలో ఉన్న పాత్ర స్థానంలోకి వెళ్లి ఇంకోలా చేసి చూస్తారు.

ఉదాహరణకి, ఆఫీసులో మేనేజర్ వెళ్తూ వెళ్తూ "తీరిక ఉంటే ఇది ఒకసారి చూడు" అని ఫైలు పెట్టి వెళ్తాడు. ఉద్యోగికి తీరిక లేదు, కాబట్టి చూడడు. అతని లెక్క ప్రకారం అది సరైన పనే. సాయంత్రం మేనేజర్ "ఇంకా చూడలేదా?" అని గొంతు పెంచుతాడు. ఇప్పుడు ఒకరు లేచి "ఇది ఎప్పటికి కావాలి?" అని అడిగి చూస్తారు. ఇంకొకరు "ఇప్పుడు చేస్తున్నది ఆపి దీన్ని చూడమంటారా?" అంటారు. ఏది నోటికి తేలిగ్గా వస్తుందో ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. బోల్ పద్ధతిలో మేనేజర్ పాత్రని మార్చరు, కానీ నేను ఆ నియమం పక్కనపెట్టి మేనేజర్‌నీ మారుస్తాను. "నాలుగింటికల్లా ఇది పూర్తవ్వాలి" అని ఒక్క ముక్క సూటిగా చెప్పి ఉంటే గొడవే లేదు కదా అని ఆటిజం లేనివాళ్లకి తట్టేది అప్పుడే.

నోటితో మాట్లాడనివాళ్లు ఫోన్‌లో టైప్ చేసి వినిపించినా అది డైలాగే, ఆ టైముకి అందరూ ఆగాలి. మానని గాయాల్లాంటి అనుభవాలు మాత్రం స్టేజీ మీదకి తేకండి, మీరు చికిత్స చేయడం లేదు. ప్రతి సన్నివేశం తర్వాత పాత్ర తాలూకు చీటీ మడిచి డబ్బాలో వేయించి, అసలు పేరుతో పిలవండి.

ప్రదర్శన ఉండాలా?

ఉండక్కర్లేదు. పెట్టాలనుకుంటే హాలు పూర్తిగా చీకటి చేయకండి, సౌండు తగ్గించండి, ప్రేక్షకులు కూడా లేచి వెళ్లి రావచ్చని ముందే చెప్పండి. లైట్లు, సౌండు, మాట మర్చిపోతే వెనక నుంచి అందించడం, ఇవీ పాత్రలే.

ఫలితం ఎలా తెలుస్తుంది?

కళ్లలోకి ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టకండి. మొదటి వారమే ఒక్కొక్కరినీ వాళ్లకేం కావాలో రాయమనండి. "ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోగలగాలి", "అర్థం కాలేదని మధ్యలో ఆపి చెప్పగలగాలి", ఇలాంటివి. ఐదో వారం ఒకసారి, పదో వారం ఒకసారి అదే కాగితం ముందు పెట్టండి. గదిలో వచ్చింది బయట దానంతటదే రాదు కాబట్టి, చివరి మూడు వారాలు అదే సన్నివేశాన్ని వేరే గదిలో, కొత్త మనిషితో, ఒకటి రెండు మాటలు మార్చి చేయించండి. మనిషి మారేసరికి తడబడతారు, అది మామూలే, చీటీ మళ్లీ చేతికిచ్చి ఇంకోసారి చేయించండి.

చివరి సెషన్ తేదీ మొదటి రోజే గోడ మీద రాసిపెట్టండి. తర్వాత కూడా కలవాలని వాళ్లు అనుకుంటే, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంతసేపు అన్నది ఖాయం చేసుకున్నాకే అక్కడి నుంచి లేవండి. "మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం" అని మాత్రం అనకండి.