చేతి కదలిక తేలట్లేదా? మోడల్ మార్చకముందు చూడాల్సినవి

విజయనగరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో బీసీఐ (మెదడు సిగ్నళ్లతో కంప్యూటర్‌ని నడిపే పద్ధతి) ప్రాజెక్టు తీసుకున్నవాళ్ల దగ్గర ఎలక్ట్రోడ్లు ఉండవు, దించుకున్న డేటా ఉంటుంది. ఉచితంగా దొరికేవాటిలో కాలిఫోర్నియాలోని సాబెస్ ల్యాబ్ వాళ్ల కోతుల రికార్డింగులు బాగా పనికొస్తాయి. అందులో మోటార్ కార్టెక్స్‌లో (మెదడులో కదలికల్ని నడిపే భాగం) దించిన 96 ఎలక్ట్రోడ్ల అర్రే సిగ్నల్, దాంతోపాటు వేలికొన ఎక్కడుందో సెకనుకి 250 సార్లు కొలిచిన లెక్క ఉంటాయి. సిగ్నల్ చూసి చెయ్యి ఎలా కదిలిందో చెప్పే మోడల్, అంటే డీకోడర్, తయారుచెయ్యడమే పని. పైడితల్లమ్మ పండగ సెలవులు అయిపోయి రివ్యూ తరుముకొచ్చేసరికి పిల్లలు తెచ్చే ఫిర్యాదులు దాదాపు ఇవే.

సమస్య: ఫైలే తెరుచుకోవట్లేదు.
అది మ్యాట్‌ల్యాబ్ 7.3 రకం, పైథాన్‌లోని సైపై (SciPy) చదవదు. హెచ్5పై (h5py) వాడండి. వరుసలు, నిలువులు తారుమారై వస్తాయి, తిప్పుకోండి.

సమస్య: ఆర్ స్క్వేర్ (అంచనా అసలు కదలికతో ఎంత కలిసిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా) 0.95 దాటింది, గైడు గారు తెగ సంబరపడుతున్నారు.
సంబరం కాస్త ఆపమనండి. నూటికి తొంభైపాళ్లు డేటాని కలగలిపి ట్రెయిన్, టెస్ట్‌గా పంచి ఉంటారు. 50 మిల్లీసెకన్ల బిన్లు, అంటే కాలపు ముక్కలు, అనుకోండి. 12.35 సెకన్ల బిన్ టెస్ట్‌లో పడింది, 12.30, 12.40 ట్రెయిన్‌లో ఉన్నాయి. ఆ కాస్త వ్యవధిలో చెయ్యి కదిలేదెంత? మోడల్ మెదడుని చదవట్లేదు, పక్కవాడి పేపర్ చూసి రాస్తోంది. రికార్డింగ్‌లో మొదటి భాగం ట్రెయిన్‌కి, చివరి భాగం టెస్ట్‌కి ఇచ్చి, మధ్యలో కొన్ని సెకన్లు వదిలెయ్యండి. స్పైకుల్ని (న్యూరాన్ మోగినప్పుడు వచ్చే విద్యుత్ పోట్లు) నున్నగా చేసే గాసియన్ ఫిల్టర్ కూడా రెండువైపులా చూస్తుంది, అంటే ముందు జరగబోయేది దానికి తెలుసు. గతం మాత్రమే చూసే ఫిల్టర్ పెట్టండి. సగటు, విచలనం ట్రెయిన్ భాగం నుంచే తియ్యాలి. ఇవన్నీ సరిచేశాక అంకె పడిపోతుంది. పడనివ్వండి, రివ్యూలో నిలబడేది ఆ అంకే.

సమస్య: గీత ఆకారం సరిగ్గానే ఉంది, కానీ చేతితో కలవట్లేదు.
మోటార్ కార్టెక్స్ న్యూరాన్లు చెయ్యి కదలడానికి సుమారు 100 మిల్లీసెకన్ల ముందే మోగుతాయి. సున్నా నుంచి 200 మిల్లీసెకన్ల వరకు లాగ్ (సిగ్నల్‌కీ కదలికకీ మధ్య ఎడం) జరుపుతూ, ట్రెయిన్ భాగంలో ఎక్కడ బాగా కలుస్తుందో చూడండి. కొన్ని ఛానెళ్లు చెయ్యి కదిలాక మోగుతున్నాయా? ఛానెల్ పేర్లు చదవండి. కొన్ని సెషన్లలో ఎం1 (మోటార్ కార్టెక్స్)తో పాటు ఎస్1 కూడా ఉంటుంది. ఎస్1 స్పర్శ, కీళ్ల కదలికల కబురు అందుకునే చోటు, ఎక్కువగా కదలిక తర్వాతే పలుకుతుంది. రెండింటినీ ఒకే లాగ్‌తో కట్టెయ్యకండి.

సమస్య: 50 హెర్ట్జ్ నాచ్ (ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే ఫిల్టర్) పెట్టినా కరెంటు హమ్ పోలేదు.
మన కరెంటు 50, అమెరికా కరెంటు 60. రికార్డింగ్ అక్కడిది. అసలు స్పైకులకైతే దీని అవసరమే లేదు, 300 హెర్ట్జ్ పైన ఉన్నదే తీసుకుంటారు కదా.

సమస్య: ఒక రోజు డేటాతో నేర్పిన డీకోడర్ మరో రోజు చతికిలపడింది.
ఎలక్ట్రోడ్ వెంట్రుకవాసి జరిగినా వినపడే న్యూరాన్ మారిపోతుంది. చుట్టూ కణజాలం పేరుకుని సిగ్నల్ నీరసించడమూ ఉంది. ప్రతి సెషన్ మొదటి నిమిషాలతో ఛానెల్‌వారీగా జడ్-స్కోర్ చేసి (సగటు తీసేసి విచలనంతో భాగించి), ఆ కాస్త డేటాతోనే డీకోడర్‌ని మళ్లీ సర్దండి. మూగబోయిన ఛానెళ్లు తీసెయ్యండి. స్పైక్ సార్టింగ్ (ఏ స్పైక్ ఏ న్యూరాన్‌దో విడగొట్టడం) కోసం రాత్రుళ్లు మేలుకోవద్దు, కదలిక డీకోడింగ్‌కి సిగ్నల్ ఎన్నిసార్లు థ్రెషోల్డ్ (గీసుకున్న హద్దు) దాటిందన్న లెక్క చాలావరకు సరిపోతుంది.

సమస్య: ఏం చేసినా ఫలితం రావట్లేదు.
న్యూరల్ నెట్‌వర్క్ మోడల్ పక్కన పెట్టి కదలికల్ని ఎనిమిది దిక్కులుగా విడగొట్టండి. ఒక్కో ఛానెల్ సగటు ఫైరింగ్ గియ్యండి. ఒక దిక్కున ఎత్తు, ఎదురు దిక్కున పల్లం కనపడాలి. 1980లలో న్యూరోసైంటిస్టు జార్జోపౌలోస్ బృందం చూపించింది ఇదే. ఏ ఛానెల్లోనూ అది లేకపోతే స్పైకుల గడియారం, చేతి గడియారం జత కలవలేదన్నమాట, లోడింగ్ కోడ్ దగ్గరికి వెళ్లండి. ఉంటే కాల్మన్ ఫిల్టర్ లాంటి మామూలు పద్ధతి కూడా చేతి వేగాన్ని పట్టుకుంటుంది.

ఇంకొకటి, రిపోర్టులో ‘కర్సర్ కంట్రోల్’ అని రాయకండి. తెరమీద తప్పు చూసి సర్దుకునే మనిషి గానీ కోతి గానీ మీ లూప్‌లో లేదు. ‘ఆఫ్‌లైన్ డీకోడింగ్’ అని రాస్తే వైవాలో సగం ప్రశ్నలు తప్పుతాయి.