బందరు తీరంలో పాత ఆనవాళ్లను నమోదు చేయడం ఎలా

ఉప్పల్‌లో ఉండేవాడికి సముద్రంతో ఏం పని అని చాలామంది అడుగుతారు. గోల్కొండ సరుకు ఓడెక్కింది మచిలీపట్నంలోనే, అదే బందరు. ఆ తీరం మన చరిత్ర కూడా. బందరు మా అత్తగారి ఊరు. సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా తీరం వెంట నడిచి, బయటపడ్డ గోడలు, కుండ పెంకులు రాసుకొస్తాను. అక్టోబరు, నవంబరు తుపానులు గట్టును కోసేశాక కొత్తవి కనబడతాయి కాబట్టి పండగ సమయం ఈ పనికి బాగా కుదురుతుంది.

సగం పని హైదరాబాద్‌లోనే చేసుకోవచ్చు. బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల మ్యాపుల సైట్ భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసి దారి గుర్తుపెట్టుకోండి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సైట్‌లో అలల హెచ్చరికలు చూడండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పాటుకు నీరు బాగా వెనక్కి పోతుంది. నీరు తీస్తున్నప్పుడే దిగి, పోటు మొదలయ్యేలోపు పైకి వచ్చేయాలి.

గట్టు కోతలో ఇటుక గోడ కనిపించిందనుకోండి. మొదటి ఫొటో దూరం నుంచి, వెనక లైట్‌హౌసో గుడో పడేలా తీయండి. తాటిచెట్టును గుర్తుగా పెట్టుకోవద్దు, వచ్చే తుపానుకు అది ఉండకపోవచ్చు. తర్వాత గోడ మొత్తం, ఆపైన పక్కన స్కేలు పెట్టి దగ్గరగా. విరగని ఇటుక ఒకటి చూసి పొడవు, వెడల్పు, మందం కొలవండి. ఇటుకల మధ్యలో ఉన్నది సున్నమా, మట్టా? గోడ మీద ఇసుక ఎంత మందం ఉంది? ఇవన్నీ పెన్సిల్‌తో రాయండి, తడిస్తే ఇంకు కారిపోతుంది. చిన్న బొమ్మ కూడా గీయండి. తడి మట్టి పొరల రంగుల తేడా ఫొటోలో సరిగా రాదు.

ఏదీ తవ్వొద్దు, ఏదీ తీయొద్దు. పెంకు ఏ పొరలో ఉందన్నదే దాని చరిత్ర, జేబులో వేసుకుంటే అది పోతుంది. నాణేల్లాంటివి బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

అక్కడి జాలర్లను తప్పక అడగండి. "బాబాయ్, ఈ గోడ ఎప్పట్నుంచి కనిపిస్తోంది?" అంటే చాలామంది సంవత్సరం చెప్పరు, "ఉప్పెనకు ముందు లేదు" అంటారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఆ మాటలో ఉంది. వాళ్లన్న మాట అన్నట్టే రాయండి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, లొకేషన్ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఊరు, తేదీ, నంబరుతో ఫైలు పేరు పెట్టి ఎవరైనా ఉచితంగా వాడుకునే ఫొటోల సైట్ వికీమీడియా కామన్స్‌లో ఎక్కిస్తే అందరికీ అందుతాయి. దొంగలు తవ్వుకుపోయే అవకాశం ఉన్న చోటైతే మాత్రం లొకేషన్ తీసేసి ఊరి పేరు ఒక్కటే ఇవ్వండి. కచ్చితమైన లొకేషన్ ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖకు విడిగా పంపండి. మళ్లీ వెళ్లినప్పుడు అదే చోట నిలబడి అదే ఫొటో తీయండి, లైట్‌హౌస్ నుంచి గట్టు అంచు దాకా దూరం కొలవండి. ఏడాదిలో సముద్రం ఎంత నేల తినేసిందో తేలిపోతుంది.